వాలుతలం బొమ్మలో బాణం తప్పితే అంకెలు జరపాలా, కోడ్ మార్చాలా?

వాలుతలం:
లేటెక్‌లో (కోడ్ రాసి పాఠాన్ని పేర్చే సాఫ్ట్‌వేర్), అందులో కోడ్‌తోనే బొమ్మలు గీసే టిక్‌జెడ్ ప్యాకేజీతో ఫిజిక్స్ నోట్స్‌కి బొమ్మలు గీస్తున్నాం. 30 డిగ్రీల వాలుతలం, దాని మీద దిమ్మె, దిమ్మె మీద బలాలు. స్కోప్ (కొన్ని గీతలను ఒక గుంపుగా కట్టే కోడ్ భాగం) మొత్తాన్ని 30 డిగ్రీలు తిప్పి అన్నీ అందులోనే పెట్టాం. దిమ్మె వాలు మీద ఒరగకుండా నిటారుగా నిలబడింది. దిమ్మె బరువును చూపే ఎంజీ బాణమేమో నిలువుగా కిందికి రాకుండా వాలుకు లంబంగా దిగింది. బాణం కొసను (0, -2) నుంచి (-1, -1.73)కి జరిపితే నిలువుగానే కనిపిస్తోంది, ఇక వదిలేద్దాం అంటున్నారు నాతో కలిసి రాస్తున్నవారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

రాత్రిపాఠం:
జరిపేయండి. చదివేవాళ్లకు కనిపించేది బొమ్మ, కోడ్ కాదు. ఒక్కసారి వాడి పక్కన పెట్టే బొమ్మకు ఇంత టెన్షన్ ఎందుకు? కంటికి నిలువుగా ఉంటే చాలు.

కిరణరేఖ:
రాత్రిపాఠం గారూ, "కంటికి ఉంటే చాలు" అన్న దగ్గరే నాకు పేచీ. రేపు అదే లెక్కకు 20 డిగ్రీల వాలు కావాలనుకోండి. స్కోప్‌లో 30 తీసి 20 పెడతారు. జరిపిన బాణం నిలువు నుంచి 10 డిగ్రీలు పక్కకు పోతుంది. గురుత్వాకర్షణ ఏ వాలు మీదైనా నిట్టనిలువుగా కిందికే కదా! ఆ సంగతి కోడ్‌లో ఎక్కడా లేదు, ఒక అంకెల జత మాత్రమే ఉంది.

వాలుతలం గారూ, మీ రెండు తేడాలకూ మూలం ఒకటే. స్కోప్‌ను తిప్పితే అందులోని నిరూపకాలు తిరుగుతాయి, నోడ్ (దిమ్మెలా అక్షరం పట్టే పెట్టె) ఆకారం తిరగదు. అందుకే దిమ్మె సరైన చోటుకే వెళ్లింది గానీ ఒరగలేదు. ట్రాన్స్‌ఫార్మ్ షేప్ అనే ఆప్షన్ పెడితే ఒరుగుతుంది. అయితే లోపలి 'ఎమ్' అక్షరం కూడా దాంతోపాటే వాలిపోతుంది కాబట్టి దిమ్మెను ఖాళీగా గీసి, అక్షరాన్ని విడిగా రాయండి.

ఇక బాణం. దిమ్మెకు ఒక పేరు పెట్టి, స్కోప్ మూసేసి, బయటికి వచ్చాక దాని సెంటర్ నుంచి నేరుగా కిందికి 2 గీయండి. పేరు వెనక సెంటర్ అని రాయకపోతే బాణం దిమ్మె అంచు నుంచి మొదలవుతుంది, అది చూసుకోండి. అభిలంబ బలం (వాలు దిమ్మెను లంబంగా పైకి నెట్టే బలం, ఎన్) మాత్రం వాలుతో పాటు తిరగాలి కాబట్టి స్కోప్ లోపలే ఉండనివ్వండి. దాని పొడవు 2 కాదు, 2 కాస్ 30, అంటే 1.73. రెండు బాణాలూ సమానంగా కనబడితే పిల్లలు ఎన్ అంటే ఎంజీయే అని రాసేస్తారు. ఈ లెక్కలో అందరూ తడబడే చోటు అదే. అక్కడ బొమ్మే తప్పుదారి పట్టిస్తే ఎలా? కోణానికి ఒక పేరు పెట్టి పొడవును దానితోనే లెక్క కట్టించండి. 20 పెట్టగానే అదే 1.88 అవుతుంది.

ఇంకుచుక్క:
అసలు ప్రతిదీ కోడ్‌లోనే ఎందుకు గీయాలి? ప్రయోగశాల పరికరం, వంకర గొట్టం, తీగల చిక్కు లాంటివి ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో మౌస్‌తో గీయడమే హాయి. అక్షరాలను విడిగా ఎగుమతి చేస్తే వాటిని లేటెక్కే తన ఫాంటులో పేరుస్తుంది. ఎర్రర్ల గొడవ తక్కువ.

కిరణరేఖ:
పరికరాల బొమ్మలకు మీ మాటే నా మాట. వాటిలో కొలతకు అర్థం లేదు. బలాలు, కిరణాలు, గ్రాఫులు అలా కాదు, పొడవూ కోణమూ కూడా పాఠంలో భాగమే.

రాత్రిపాఠం:
సరే, నా వైపు నుంచి ఒక ఉదాహరణ. సైన్ గ్రాఫ్‌ను 0 నుంచి 6.28 వరకు గీయమన్నాను. ఫార్ములాలో తప్పు లేదు, ఎర్రర్ కూడా రాలేదు. తీరా చూస్తే అల బదులు దాదాపు సరళరేఖ! పట్టుకున్నది నా కన్నే కదా, కోడ్ కాదు.

కిరణరేఖ:
పట్టుకోవడానికి కన్ను కావాల్సిందే, అందులో నాకు వాదన లేదు. టిక్‌జెడ్‌లో సైన్‌కు ఇచ్చే కోణం డిగ్రీల్లో ఉంటుంది. 6.28 డిగ్రీల సైన్ 0.11 కూడా దాటదు, అందుకే గీత చదునుగా వచ్చింది. చలరాశి పక్కన 'ఆర్' చేరిస్తే రేడియన్లుగా తీసుకుంటుంది. ఇక్కడ మీరైనా గీతను చేత్తో వంచి అలగా మార్చరు కదా?

కటకం బొమ్మ కూడా అంతే. నాభ్యంతరం 2, వస్తువు 3 దూరంలో ఉంటే ప్రతిబింబం 6 దగ్గర, రెట్టింపు ఎత్తులో, తలకిందులుగా పడాలి. వస్తువు కొన నుంచి మూడు కిరణాలు గీయండి: అక్షానికి సమాంతరంగా ఒకటి, కటకం మధ్య నుంచి ఒకటి, ఇవతలి నాభి గుండా ఒకటి. మూడోది మిగతా రెండింటినీ అదే బిందువులో కలవలేదంటే ఎక్కడో ఒక నిరూపకం తప్పిందన్నమాట. దాని కొసను లాగి అతికిస్తే ఆ తప్పు ఇక ఎవరికీ దొరకదు. రెండు కిరణాల ఖండన బిందువును టిక్‌జెడ్‌లోని ఇంటర్‌సెక్షన్స్ లైబ్రరీతో కనిపెట్టించి, మూడోదాన్ని దాని దారిన వదిలేయండి. కలవకపోతే ముందు నాభి నిరూపకాన్ని చూడండి.

వాలుతలం:
బాణాన్ని స్కోప్ బయటికి తెచ్చాను, 20కీ 45కీ నిలువుగానే ఉంది. ఎన్ పొడవు సంగతి మాత్రం మా ఇద్దరికీ ఇంకా తేలలేదు. బలాల బొమ్మలో దిశ చాలు, పొడవు కొలతకు ఉండనక్కర్లేదని ఆయన వాదన. దీని మీద కూడా ఎవరైనా చెప్పండి.