బెల్లం పొడి యూనిట్: అప్పు తప్ప మిగిలిన సాయం ఎవరు చేస్తారు?

గానుగపాక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి జిల్లాలో చెరకు పండించే ఒక చిన్న ఊరు. మా అమ్మగారు ఉన్న డ్వాక్రా సంఘంలో పది మంది సభ్యులున్నారు. దిమ్మ బెల్లానికి మార్కెట్ యార్డులో పలికే ధర కంటే పొడి బెల్లానికి పట్నంలో బాగా ఎక్కువ ధర వస్తుందని విని, వారిలో ఆరుగురు రెండేళ్ల కిందట బ్యాంకు లింకేజీ రుణంలో కొంత భాగంతో జల్లెడలు, ఒక సీలింగ్ మిషను, ఒక కాటా కొనుక్కున్నారు. గానుగ దగ్గర దిమ్మలు కొని, పగలగొట్టి, ఎండబెట్టి, జల్లించి, అరకిలో ప్యాకెట్లుగా కట్టి అమ్ముతున్నారు. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో వారి లెక్కలు చూస్తుంటాను.

వారికి అప్పు దొరకడం ఏనాడూ కష్టం కాలేదు. వాయిదాలు తప్పకుండా కడుతున్నారు కాబట్టి మరో రెండు లక్షలు తీసుకొమ్మని ఈ మధ్య బ్యాంకువారే అడిగారు. కానీ వానలు మొదలయ్యేసరికి ప్యాకెట్లలో పొడి చెమ్మగిల్లి గడ్డకట్టిపోతోంది, దుకాణాలవారు వాటిని వెనక్కి పంపేస్తున్నారు. రంగు ముదురుగా ఉందని కొందరు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేస్తున్నారు. ఏడాది పొడవునా ఆరుగురు కష్టపడినా చివరకు పంచుకోవడానికి ఏమీ ఉండటం లేదు. ఎందుకు ఉండటం లేదో మాలో ఎవరికీ అంతుపట్టడం లేదు. డబ్బు రూపంలో కాకుండా సాంకేతిక సలహా, లెక్కల సాయం, మార్కెట్ పరిచయం వంటివి అందించే కార్యక్రమాలు ఉన్నాయని విన్నాను. అవి నిజంగా పనికివస్తాయా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పద్దుపుస్తకం

నేను జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లోని ఎస్‌వీఈపీ అనే, పల్లెల్లో చిన్న వ్యాపారాలు పెట్టించే ఉపపథకం కింద ఒక మండలంలో నాలుగేళ్లు సీఆర్‌పీ-ఈపీగా, అంటే ఆ వ్యాపారాలకు తోడుండే కార్యకర్తగా పనిచేశాను. పేరు పొడుగ్గా ఉన్నా పని చిన్నదే. సంఘాల కుటుంబాల నుంచే కొందరిని ఎంపిక చేసి, చిన్న వ్యాపారాల లెక్కలు కట్టడం నేర్పి, ఊరూరా పంపుతారు. వారు వ్యాపారం పెట్టదలచినవారితో కూర్చుని అది నిలుస్తుందో లేదో చూస్తారు, పెట్టిన తరువాత నెలనెలా వచ్చి అమ్మకాలు, ఖర్చులు రాయిస్తారు. ఆ పథకంలో పెట్టుబడి రుణమూ ఉంటుంది. అయితే నేను చూసిన వ్యాపారాల్లో ఎక్కువవాటిని నిలబెట్టింది రుణం కాదు, ఆ నెలవారీ రాత.

మీ అసలు అంకెలు నాకు తెలియవు కనుక కొన్ని ఊహించి లెక్క చూపిస్తాను. మీ అంకెలు వేసి మళ్లీ కట్టుకోండి. దిమ్మ కిలో 50 రూపాయలు అనుకుందాం. ముగ్గురు ఆడవాళ్లు రోజంతా పనిచేస్తే 40 కిలోల పొడి ప్యాకెట్లలోకి వెళ్తుందనుకుంటే, మనిషికి 300 చొప్పున కూలి 900 రూపాయలు, అంటే కిలోకు ఇరవై రెండున్నర. మీ సంఘం ఈ కూలిని ఎక్కడా రాసి ఉండదని నా అనుమానం, ఎందుకంటే సొంత పనికి కూలి ఏమిటని అందరూ అనుకుంటారు. కిలోకు రెండు కవర్లు, లేబుళ్లు కలిపి 12 రూపాయలు వేద్దాం. ఇక్కడికే 84 రూపాయల 50 పైసలు అయింది. మీరు కిలో 120 రూపాయలకు అమ్ముతూ దుకాణదారుకు నూటికి ఇరవై వదిలితే చేతికి వచ్చేది 96. కిలోకు పదకొండున్నర మిగులుతుందని సంతోషించవచ్చు. ఇప్పుడు పది కిలోల్లో ఒక కిలో గడ్డకట్టి వెనక్కి వచ్చిందనుకోండి. తొమ్మిది కిలోలకు 864 రూపాయలు వస్తాయి, పది కిలోలకు అయిన ఖర్చు 845. పది కిలోలకు మిగిలింది 19 రూపాయలు. బస్సు ఛార్జీ, కరెంటు, అప్పు మీద వడ్డీ ఇంకా ఇందులో కలపలేదు.

అంటే మీ వ్యాపారాన్ని తినేస్తున్నది ఆ వెనక్కి వచ్చే ప్యాకెట్లే. దానికి మందు రెండు లక్షల అప్పులో లేదు. మీ మండలంలో ఈ పథకం ఉందో లేదో డ్వాక్రా సంఘాలను చూసే వెలుగు కార్యాలయంలో ఏపీఎం (సహాయ ప్రాజెక్టు మేనేజరు) గారిని అడగండి. లేకపోయినా, కూలిని ఖర్చుగా రాసే పద్దు పుస్తకం ఒకటి ఈ వారమే మొదలుపెట్టండి.

పెనం దగ్గర మనిషి

మా కుటుంబానికి మూడు తరాలుగా గానుగ ఉంది. పై లెక్క బాగుంది కానీ జబ్బు ప్యాకెట్టులో లేదు, పెనంలో ఉంది. దిమ్మలను పగలగొట్టి చేసిన పొడి ఎంత ఎండబెట్టినా వానాకాలం నిలవదు. దిమ్మ కోసమైతే పాకం 116 నుంచి 118 డిగ్రీల దగ్గర దించుతారు. పొడి కావాలంటే 120 దాటే దాకా కాచి, దించిన తరువాత చెక్క తెడ్డుతో రుద్దుతూ చల్లార్చాలి. అప్పుడు అది తనంతట తానే పలుకుగా విడిపోతుంది. ఆ తరువాత జల్లించి, తేమ నూటికి రెండు పాళ్ల లోపుకు వచ్చేదాకా ఆరబెట్టి, గాలి చొరని కవర్లో కట్టాలి. రసంలో సున్నపు తేట తగినంత పడాలి. పడిపోయిన చెరకు, నరికి రెండు మూడు రోజులైన చెరకు వాడితే రసంలో చెమ్మను పీల్చుకునే చక్కెరలు పెరిగి, మీరు ఏం చేసినా పొడి జిగటబారుతుంది. కాబట్టి మీరు గానుగ యజమానితో ఒప్పందం చేసుకుని, మీ కోసం విడిగా ఒక పెనం దించమని అడగాలి. పాకం ఎక్కువసేపు కాగితే అడుగంటుతుందనే భయంతో ఆయన ముందు ఒప్పుకోకపోవచ్చు.

రంగు విషయం. యార్డులో పసుపు పచ్చని దిమ్మకే ధర ఎక్కువ కాబట్టి చాలామంది హైడ్రోస్ అనే, రంగు తేల్చే గంధకపు మందు వేస్తారు. దాని వల్ల బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు మించరాదని నిబంధన ఉంది. బెండ మొక్కల జిగురుతో మడ్డి తీసేస్తే రంగు కొంత తేలుతుంది, మందు వేసినంత తెల్లగా మాత్రం రాదు. అనకాపల్లిలోనే ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. చెరకు మీద, బెల్లం తయారీ మీద పనిచేసే శాస్త్రవేత్తలు అక్కడ ఉన్నారు. ఆరుగురూ ఒక పూట వెళ్లి, గడ్డకట్టిన ప్యాకెట్టు ఒకటి, మంచి ప్యాకెట్టు ఒకటి వారి ముందు పెట్టండి. ఖాళీ చేతులతో వెళితే కరపత్రం ఇచ్చి పంపుతారు.

విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

ఈ చర్చకు ఒక పాత సంగతి జోడిస్తాను. హైదరాబాద్ కేంద్రంగా 1996లో విజయ్ మహాజన్ గారు మొదలుపెట్టిన బేసిక్స్ సంస్థ పల్లె జనానికి చిన్న రుణాలిచ్చేది. 2001లో వారు తమ రుణాల ఫలితాన్ని బయటివారి చేత సర్వే చేయించారు. మూడు విడతలు అప్పు తీసుకున్నవారిలో ఆదాయం పెరిగినవారు నూటికి 52 మంది. 25 మందికి ఏ మార్పూ లేదు. 23 మందికి ఆదాయం తగ్గింది. అప్పులిచ్చే సంస్థే ఈ అంకెలను దాచకుండా బయటపెట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. కారణాలు వెతికితే పశువుల జబ్బులు, పంటల నష్టం, తక్కువ దిగుబడి, సరుకు అమ్ముకునేచోట బేరమాడే బలం లేకపోవడం వంటివి తేలాయి. ఆ తరువాతనే వారు రుణంతోపాటు వ్యవసాయ, వ్యాపార సలహా సేవలను, ఉత్పత్తిదారుల సంఘాలను నిలబెట్టే పనిని కలిపి మూడు కాళ్ల పద్ధతికి మారారు. సలహా సేవలకు రైతుల దగ్గర రుసుము కూడా తీసుకున్నారు. ఉచితంగా ఇస్తే సలహా చెప్పేవాడు బాధ్యతగా రాడనీ, డబ్బు కడితే రాకపోతే అడిగే హక్కు రైతుకు ఉంటుందనీ ఆ పద్ధతిని సమర్థించేవారు అనేవారు.

సర్టిఫికెట్ల పెట్టె

క్షమించాలి, ఈ చర్చలో అందరూ సలహా, శిక్షణ అంటే మంచిదేనన్న ధోరణిలో మాట్లాడుతున్నారు. మా ఊళ్లో ఒకే ఏడాది మూడు శిక్షణలు జరిగాయి. కుట్టుపని, అగరబత్తి, మళ్లీ కుట్టుపని. ఒక శిక్షణా సంస్థవారు ముప్పై మందికి ఒకేసారి కుట్టుపని నేర్పి పంపారు. ముప్పై మంది జాకెట్లు కుడితే కుట్టించుకునేవారు ఊళ్లో ఉండాలి కదా. ఉన్న ఇద్దరు దర్జీల కూలి పడిపోయింది, కొత్తవారికి పని దొరకలేదు. తరువాత రెండేళ్లపాటు వెంట ఉంటామన్నవారు ఫోన్ చేసి, వ్యాపారం నడుస్తోందా అని అడిగి, అవునన్న జవాబు రాసుకున్నారు. శిక్షణకు వెళ్లిన రోజుల్లో పోయిన కూలి ఎవరూ లెక్కపెట్టలేదు. మా అత్తగారి ట్రంకు పెట్టెలో నాలుగు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఇక రుసుము మాట అంటారా, పంతొమ్మిది రూపాయలు మిగిలే సంఘం సలహాకు ఏం కడుతుంది?

పద్దుపుస్తకం

మీరు చెప్పినదానితో నాకు పేచీ లేదు. మీరు చెప్పినలాంటి శిక్షణలిచ్చే ఆర్‌సెటీల (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థల) నమూనా 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి పెట్టిన రుడ్‌సెటి సంస్థ నుంచి వచ్చింది. భోజనం, వసతి ఉచితంగా ఇచ్చి కొద్ది రోజుల్లో పని నేర్పడం, ఆ తరువాత రెండేళ్లపాటు వెంట నిలవడం, ఈ రెండూ కలిస్తేనే అది ఆ నమూనా అవుతుంది. 2009 తరువాత దేశమంతా జిల్లాకొకటి చొప్పున పెట్టుకుంటూ పోయినప్పుడు, నేర్పడం లెక్కకు సులువుగా అందింది. వెంట నిలవడం అందలేదు. ఎంతమందికి నేర్పామో రాయడానికి రిజిస్టరు చాలు, ఎంతమంది నిలబడ్డారో తెలియాలంటే ఇంటికి వెళ్లాలి.

రుసుము విషయంలో మాత్రం నేను బేసిక్స్ సంగతి చెప్పిన హైదరాబాద్ పెద్దాయన పక్షమే. కేరళలో మహిళా సంఘాలను నడిపే కుడుంబశ్రీ అనే ప్రభుత్వ కార్యక్రమం చిన్న వ్యాపారాలకు లెక్కలు చూసి సలహా చెప్పే స్థానిక బృందాలను తయారుచేసింది. వారు చేసిన పనికి డబ్బు తీసుకుంటారు. మొదటి ఏడాది ఆ డబ్బును సంఘం బదులు సమాఖ్య కట్టవచ్చు.

కాకినాడ మాష్టారు

శిక్షణ గురించి మాట వచ్చింది కనుక చెబుతున్నాను. 1964లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి మా కాకినాడ వ్యాపారులకు పది రోజుల చొప్పున ఒక శిక్షణ ఇప్పించారు. అప్పు ఇవ్వలేదు, యంత్రం ఇవ్వలేదు. పెద్దగా సాధించాలనే తపనను పెంచడమే ఆ శిక్షణలోని విషయం. తరువాత చూస్తే, శిక్షణ లేనివారికంటే పొందినవారిలో ఎక్కువమంది కొత్త పనులకు చొరవ చూపారని వారు రాశారు. కానీ వారు అప్పటికే దుకాణమో మిల్లో ఉన్న పట్నం వ్యాపారులు. ఆరుగురు ఆడవాళ్ల బెల్లం పొడికి కావలసింది తపన కాదు, అది వారికి కావలసినంత ఉంది.

వరాహ ఒడ్డు

గానుగపాక గారూ, మీ జిల్లాలోనే ఏటికొప్పాక ఉంది, ఒకసారి వెళ్లి చూడండి. అక్కడి లక్క బొమ్మలను మళ్లీ నిలబెట్టిన పనిలో పెద్ద భాగం డబ్బుతో జరిగింది కాదు. రసాయన రంగులు వాడిన బొమ్మలు పిల్లలు నోట్లో పెట్టుకోవడానికి పనికిరావు, కాబట్టి మంచి మార్కెట్లు మూసుకుపోతాయి. సి.వి. రాజు గారు పసుపు వంటి మొక్కల నుంచి రంగులు తీసి లక్కలో కలిపే పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేసి, కళాకారులకు నేర్పి, కొనేవారితో కలిపారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అయినా అంకుడు కర్ర కొరత అలాగే ఉంది, గుర్తింపు పత్రం చెట్టును పెంచదు. మీ విషయంలో రంగు ముదురుగా ఉండటం లోపమని ఒప్పుకోకండి. మందు వేయలేదని లేబుల్ మీద పెద్ద అక్షరాలతో రాసుకోవాలంటే ముందు ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష ఎవరు చేయించి పెడతారో వారే మీకు అసలైన సాయం చేసినట్టు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు, నికర బరువు, తయారీ తేదీ, ధర లేబుల్ మీద లేకపోతే పట్నం దుకాణం లోపలికి రానివ్వదు, అవి ఇప్పటికే ఉన్నాయనుకుంటున్నాను.

గానుగపాక

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఆరుగురితో కూర్చుని మా అంకెలతో లెక్క కట్టాను. మా దుకాణదారు నూటికి ఇరవై కాదు, పాతిక తీసుకుంటున్నాడు. వానాకాలంలో వెనక్కి వచ్చినవి పదింట రెండు. కూలి కలిపితే రెండేళ్లుగా నష్టంలోనే ఉన్నామని తేలింది. కూలి రాసుకోవాలన్న మాట విని మా పెద్దమ్మ కాసేపు నవ్వి, తరువాత అందరికంటే ముందు తన రోజులు తానే లెక్కపెట్టారు.

రెండు లక్షలు వద్దని చెప్పేశాం. ఈసారి గానుగ ఆడే నాలుగు నెలల్లోనే పొడి చేసి, వానలకు ముందే అమ్మేయాలనీ, మిగిలిన కాలం పొడి జోలికి వెళ్లకూడదనీ అనుకున్నారు. గానుగ యజమాని ఒక్క పెనం విడిగా దించడానికి ఒప్పుకున్నాడు, అడుగంటితే ఆ పాకం ఖరీదు మేమే కట్టుకోవాలన్నాడు. మంగళవారం రెండు ప్యాకెట్లు పట్టుకుని పరిశోధన స్థానానికి వెళ్తున్నాం. పెనం దగ్గర మనిషి గారూ, 120 డిగ్రీలు చూడటానికి మీరు థర్మామీటరు వాడతారా, లేక నీళ్లలో పాకం చుక్క వేసి చూస్తారా?

పెనం దగ్గర మనిషి

మా నాన్నగారు నీళ్లలో చుక్క వేసి చూసేవారు. నేను థర్మామీటరు పెట్టి, తరువాత చుక్క కూడా వేసి చూస్తాను. గాజుది కొనకండి, పెనం ఆవిరికి నా చేతిలో రెండు పగిలాయి. పొడవాటి కాడ ఉన్న స్టీలుది తీసుకోండి.