కొలరాయ్‌లో మావాడి సర్ఫింగ్ క్లాసులు: షార్కుల సంగతి తెలిసినవాళ్ళు చెప్తారా?

వెంటీలక్ష్మి:
అందరికీ నమస్కారం. మేముండేది సిడ్నీలో, వెంట్‌వర్త్‌విల్ వైపు. మావాడికి పద్నాలుగేళ్ళు. స్నేహితులతో కలిసి శనివారాలు కొలరాయ్ బీచ్‌లో సర్ఫింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు, సరేనని డబ్బు కట్టేశాం. కట్టిన మర్నాడే తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు ఫోన్‌లో ఏదో వీడియో చూశారు. 2025 సెప్టెంబరులో లాంగ్ రీఫ్ దగ్గర ఒక సర్ఫర్‌ని షార్క్ చంపేసింది కదా, అది. మ్యాప్ తెరిచి చూస్తే లాంగ్ రీఫ్ గుట్టకి అటు డీ వై, ఇటు కొలరాయ్! అప్పట్నుంచీ ఇంట్లో రోజూ పంచాయితీ. మా ఆయనేమో "వలలు కట్టారులే, ఏం కాదు" అంటారు. నాకు ఈత రాదు, సముద్రమంటే బొత్తిగా తెలీదు.

ఆ వలలు నిజంగా ఆపుతాయా? ఏ నెలల్లో మానిపిస్తే మంచిది? షార్కుల్ని దూరంగా ఉంచుతాయంటూ చేతికి కట్టుకునే మాగ్నెట్ బ్యాండ్లు కొనిపెట్టమంటున్నాడు, పనిచేస్తాయా? ఒక్క మనవి. "రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్ళే ఎక్కువ" అని మాత్రం చెప్పకండి. అది మా అత్తగారి దగ్గర ఎప్పుడో చెల్లకుండా పోయింది.

గోదారిగట్టు:
బాలింతలకి సొరపిట్టు వండి పెట్టే వాళ్ళం మనం. సొర మనల్ని చూసి పారిపోవాలి గానీ ఇదేంటక్కా :)

భీమిలి_కెరటం:
లక్ష్మి గారూ, నేను ఆ ఉత్తరం వైపు బీచ్‌లలోనే ఒక క్లబ్బులో వాలంటీర్ లైఫ్‌సేవర్‌ని. మాది భీమిలి అవతల పల్లె. మా అయ్య వేటకెళ్ళేవాడు. వలలో సొర పడిందంటే ఆ రోజు ఇంట్లో కూరకి కొదవలేదని అర్థం. ఇక్కడ అదే సొర రెక్క కనిపిస్తే నేనే సైరన్ మోగించి అందర్నీ బయటికి పిలుస్తాను.

మీవారు చెప్పిన వలతో మొదలుపెడతా, ఎక్కువమంది పొరపడేది అక్కడే. అది ప్రహరీ గోడ కాదండీ. ఒక్కోటి 150 మీటర్ల పొడవు, 6 మీటర్ల ఎత్తు. ఒడ్డుకి ఐదొందల మీటర్ల లోపు, నీటి అడుగున నిలబెడతారు. బీచ్ చూస్తే కిలోమీటరు పైనే ఉంటుంది. పైనుంచి రావచ్చు, పక్కనుంచి రావచ్చు. ఆ వలల్లో చిక్కే షార్కుల్లో నూటికి నలభై దాకా ఒడ్డు వైపు నుంచి చిక్కినవే, అంటే లోపలికొచ్చి తిరిగి వెళ్తూ దొరికినవి. వేటగాడి కొడుకుని కాబట్టి నాకిది వింతగా అనిపించలేదు. వల వేసేది చేపని పట్టడానికి, దారి మూయడానికి కాదు. 1937లో సిడ్నీలో మొదలుపెట్టిందీ అందుకే, ఒడ్డు దగ్గర తిరిగే షార్కుల్ని తగ్గించాలని. న్యూకాసిల్ నుంచి వొలొంగాంగ్ దాకా 51 బీచ్‌ల దగ్గర వేస్తారు. సెప్టెంబరులో దించి, వేసవి అయ్యాక తీసేస్తారు. వాటిలో డాల్ఫిన్లు, తాబేళ్ళు కూడా చచ్చిపోతాయి. ఉంచాలా తీసేయాలా అని ఇక్కడ ఎడతెగని వాదన, అందులోకి నేను పోను. వల ఉందన్న ధీమాతో మాత్రం పిల్లాణ్ణి పంపకండి.

ఇక నెలలు. మీరనుకున్నట్టు ఫలానా నెలల్లో ఉంటాయి, మిగతా నెలల్లో ఉండవు అని లేదు. మనిషికి ప్రమాదమైనవి ఇక్కడ ముఖ్యంగా రెండు రకాలు, వాటి కాలాలు వేరు. గ్రేట్ వైట్‌కి కాస్త చల్లటి నీళ్ళు కావాలి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని దక్షిణానికి తిరిగెళ్తుంటాయి, ఆ రోజుల్లో ఇవీ ఈ తీరంలో ఉంటాయి. బుల్ షార్క్‌ది వేరే లెక్క. నీళ్ళు ఇరవై డిగ్రీలకి అటూ ఇటూ వేడెక్కాక క్వీన్స్‌లాండ్ వైపు నుంచి దిగుతుంది, జనవరి ఫిబ్రవరుల్లో బాగా కనిపిస్తుంది. దీనికి బురద నీళ్ళంటే ఇష్టం. నదిలోకీ హార్బర్‌లోకీ కూడా వస్తుంది. 2024 జనవరిలో ఎలిజబెత్ బేలో ఒకావిడని కరిచింది ఇదే. అది హార్బర్ లోపల, అదీ సాయంత్రం పూట. కాబట్టి "సముద్రం వద్దులే, హార్బర్‌లో కెరటాలు లేవు, అక్కడ దిగు" అని మీ అత్తగారు రాజీకొస్తే ఒప్పుకోకండి. హార్బర్‌లో ఈత కొట్టాలంటే నీల్సన్ పార్క్‌లోలా చుట్టూ వల కట్టిన చోటే కొట్టాలి. ఆ వల మాత్రం నిజంగానే కంచె.

నెల కంటే ఆ రోజు నీళ్ళు ఎలా ఉన్నాయో చూడటం నేర్పించండి. గట్టిగా వాన పడ్డాక నీళ్ళు మట్టిరంగులో ఉంటే ఆ శనివారం మానెయ్యాలి. ఎలాగూ నీళ్ళ శుభ్రత చూసే ఇక్కడి బీచ్‌వాచ్ వాళ్ళు కూడా పెద్ద వాన తర్వాత సముద్రంలో ఒక రోజు, హార్బర్‌లో మూడు రోజులు దిగొద్దనే చెప్తారు, మురుగు కలుస్తుంది కాబట్టి. పక్షులు ఒకేచోట నీళ్ళలోకి దబదబా దూకుతుంటే కింద చేపల గుంపు ఉన్నట్టు. మా అయ్య అటువైపే పడవ తిప్పేవాడు, మీవాడు మాత్రం దానికి దూరంగా పోవాలి. గాలాలు వేసేవాళ్ళు చేపలు కోసి పేగులు పారేసే చోట, లగూన్ (ఒడ్డు వెనకుండే మడుగు) నీళ్ళు సముద్రంలో కలిసే చోట వద్దు. మసక వెలుతురులో వద్దు. ఒంటరిగా అసలే వద్దు.

షార్క్‌స్మార్ట్ యాప్ ఫోన్‌లో వేసుకోండి. ట్యాగ్, అంటే సిగ్నల్ పంపే చిన్న పరికరం, వేసిన షార్క్ దగ్గర్లోకి వస్తే కబురు వస్తుంది. ట్యాగ్ లేనిది వస్తే రాదు, అదీ గుర్తుంచుకోండి. ఒడ్డు దగ్గర ఎరతో స్మార్ట్ డ్రమ్‌లైన్లు కూడా పెడతారు. షార్క్ కొక్కెం పట్టగానే సిబ్బందికి సిగ్నల్ వెళ్తుంది, వాళ్ళు పడవలో వెళ్ళి ట్యాగ్ వేసి దూరంగా వదిలేస్తారు. ఆ యాప్‌లో పలికేవాటిలో చాలా వాటికి ట్యాగ్ పడింది అలాగే.

రోడ్డు ప్రమాదాల లెక్క వద్దన్నారు, సరే. 2024లో ప్రపంచం మొత్తమ్మీద రెచ్చగొట్టకుండా షార్కులు కరిచిన ఘటనలు 47, అందులో పోయినవాళ్ళు నలుగురు. సిడ్నీలో 1963 తర్వాత షార్క్ వల్ల ప్రాణం పోయింది మళ్ళీ 2022 ఫిబ్రవరిలోనే, లిటిల్ బేలో. ఆ తర్వాత మీరన్న లాంగ్ రీఫ్. ఆ పోయినాయన ఎన్నో ఏళ్ళ అనుభవమున్న సర్ఫర్. మీవాడు మొదట్లో నడుం లోతు నీళ్ళలో, నురగ కెరటాల మీద, పదిమంది పిల్లలతో, పక్కనే టీచర్‌తో ఉంటాడు. రెండూ ఒకటి కాదు. అయితే రెండేళ్ళకి వాడూ కెరటాలు విరిగే చోటు దాటి లోపలికెళ్తాడు. అప్పటికి పైన చెప్పినవన్నీ వాడికి అలవాటై ఉండాలి.

ఈ దేశంలో మన ఇండియా వాళ్ళు నీళ్ళలో పోతున్నది షార్కుల వల్ల కాదమ్మా. వెనక్కి లాగేసే రిప్ కరెంట్ వల్ల, రాళ్ళమీంచి జారిపడీ. కెరటాలు విరగకుండా నీళ్ళు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే "ఇక్కడ బావుంది" అని పిల్లల్తో సహా అక్కడే దిగుతారు. రిప్ అంటే సరిగ్గా అదే. మేము కాపలా కాసే చోట పాతే ఎరుపు పసుపు జెండాల మధ్య ఈత కొట్టేవాళ్ళే ఉండాలి, గట్టి సర్ఫ్‌బోర్డులు అక్కడికి రానివ్వం. బోర్డుల వాళ్ళకి నలుపు తెలుపు గళ్ళ జెండాలు వేరే ఉంటాయి. మావాడు జెండాల బయట ఉన్నాడేమిటని కంగారుపడకండి.

పెర్త్_ప్రసాద్:
పైన అన్న చెప్పింది బాగుంది. మా పశ్చిమాన ఆ వేలాడే వలలు లేవు. కాటెస్లో, సోరెంటో లాంటి చోట్ల ఈతకి చుట్టూ మూసేసిన బారియర్లు కట్టారు, సర్ఫింగ్‌కి అవి పనికిరావు.

బ్యాండ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. కొనకండి. 2018లో ఫ్లిండర్స్ యూనివర్సిటీ వాళ్ళు సౌత్ ఆస్ట్రేలియాలో గ్రేట్ వైట్‌ల ముందు ఎర పెట్టి ఐదు రకాల పరికరాలు పరీక్షించారు. మాగ్నెట్ బ్యాండ్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బోర్డుకి బిగించే ఫ్రీడమ్ ప్లస్ సర్ఫ్ అనే కరెంటు పరికరంతో మాత్రం, ఎర తినేయడం 96 శాతం నుంచి 40కి తగ్గింది. నా బోర్డుకి అదే ఉంది. ఖరీదెక్కువ, పైగా తడి చేత్తో తప్పుగా పట్టుకుంటే మనకే చురుక్కుమంటుంది. 40 అంటే సున్నా కాదని నాకూ తెలుసు, అయినా బిగించుకునే వెళ్తాను. నురగలో నేర్చుకునే పిల్లాడికి ఇప్పుడే అక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్_నర్స్:
లక్ష్మీ, ఒకటి నేనూ చేరుస్తాను. షార్క్ కరిచినవాళ్ళు పోయేది చాలావరకు రక్తం పోయి. తొడ దగ్గర గాయమైతే ఆసుపత్రి దాకా ఆగే టైము ఉండదు. కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ డాక్టరొకరు దీనిమీద పరిశోధించి 2021లో చెప్పింది ఇదీ: తుంటి ఎముకకీ మర్మాంగానికీ సరిగ్గా మధ్యలో, గజ్జల్లో పిడికిలి పెట్టి ఒంట్లో బరువంతా వేసి నొక్కాలి. బోర్డు తాడుతో కాలికి బిగించి కట్టడం కంటే ఇదే రక్తాన్ని ఎక్కువగా ఆపింది. ఒడ్డుకి లాగగానే ఒకళ్ళు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకళ్ళు ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చెయ్యాలి. మీవాడికే కాదు, వాడి స్నేహితులకీ నేర్పించండి. తన కాలు తనే నొక్కుకునే ఓపిక ఉండకపోవచ్చు.

వెంటీలక్ష్మి:
అందరికీ థాంక్సండీ. వల గురించి చదివి మా ఆయన ముఖం చూడాలి! అత్తగారికి పక్షుల సంగతి భలే నచ్చింది, శనివారం తనూ వచ్చి ఒడ్డున కూర్చుని పక్షుల్ని కాపలా కాస్తారట. ఇంకొక్కటి. డిసెంబరు సెలవుల్లో సాయంత్రం ఆరున్నర బ్యాచ్ చవగ్గా వస్తోంది, మార్చుకోనా?

భీమిలి_కెరటం:
వద్దండీ. డిసెంబరులో ఎనిమిదింటికి పొద్దుగూకుతుంది, క్లాసు అయ్యేసరికి మసక పడిపోతుంది. ఆ వేళకి చాలా బీచ్‌లలో మేము జెండాలు పీకేసి ఇళ్ళకెళ్ళిపోయి ఉంటాం. నాలుగు డాలర్లు ఎక్కువైనా పొద్దున్న బ్యాచే ఉంచండి. అత్తగారికి టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోకండి.