1931 ఫోర్డ్ మోడల్ ఏ రోడ్‌స్టర్: నెల్లూరు ఎండకి నీళ్ళు చిమ్ముతోంది, ఆపితే మళ్ళీ అందుకోవట్లేదు

పెన్నగట్టు:
బండి 1931 మోడల్ ఏ, టాప్ మడిచే రోడ్‌స్టర్, కుడి స్టీరింగు. రీబోరు, కొత్తగా పోసిన బేరింగులు, ఛాసిస్‌కి పెయింటు, టాప్ గుడ్డ అన్నీ అయ్యాయి. తిరిగింది 300 కిలోమీటర్లే. పొద్దున ఆరింటికి మైపాడు బీచ్ దాకా పోయొస్తే ఏ ఇబ్బందీ లేదు. పది దాటాక ఆత్మకూరు బస్టాండు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి లీటరు పైనే నీళ్ళు పోతున్నాయి. ఆపి పది నిమిషాలకి సెల్ఫ్ కొడితే మూలుగుతూ తిరుగుతుంది, అందుకోదు. గంట ఆగితే మామూలే. బ్యాటరీ కొత్తది, 6 వోల్టులు. 12 వోల్టులకి మార్చి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టమంటున్నారు. పెట్టమంటారా?

ఒంగోలు గిత్త:
వద్దన్నా. ముందు నీళ్ళ సంగతి. దీని రేడియేటర్‌కి ప్రెషర్ మూత ఉండదు, అందులో ఉన్న గొట్టం నేరుగా బయటికే. మెడ దాకా నింపితే పంపు తోసినంత తోసి, తనకి కావలసిన మట్టం వచ్చేదాకా చిమ్ముతుంది. మూత తీసి చూస్తే లోపలి ట్యూబుల కొసలు మునిగి కనిపించాలి, అంతవరకే పోయండి. పోయిన లీటరు మళ్ళీ పోయకుండా ఒక రోజు నడపండి. మట్టం అక్కడే నిలిచిపోతే అది జబ్బు కాదు.

అప్పటికీ మరిగితే స్టీరింగు కిందుండే స్పార్క్ మీట చూడండి. స్టార్టింగ్‌కి మీట పైకి, అంటే పూర్తి రిటార్డ్ (స్పార్క్ ఆలస్యంగా వచ్చే స్థితి). ఇంజను అందుకోగానే కిందికి దించాలి. కొత్త డ్రైవర్లు దాన్ని పైనే వదిలేస్తారు. మంట ఆలస్యంగా పుట్టి, వేడంతా ఎగ్జాస్ట్ వైపు బ్లాకుకి ఎక్కుతుంది, మేనిఫోల్డ్ ఎర్రబడుతుంది.

మీట సరిగ్గానే వాడుతున్నా మరిగితే టైమింగే తప్పు. ముందున్న టైమింగ్ కవర్ మీది పిన్ను ఊడదీసి, తిరగేసి మొన లోపలికి పెట్టి, చేత్తో హ్యాండిల్ తిప్పండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద పైకొచ్చేసరికి పిన్ను క్యామ్ గేరు గుంటలో పడుతుంది. మీట పూర్తి రిటార్డ్‌లో ఉంచితే డిస్ట్రిబ్యూటర్ లోపల స్పార్క్ పుట్టించే పాయింట్లు అప్పుడే విడిపోతూ ఉండాలి. పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం, ప్లగ్గులది 0.035. గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. వరస మారితే టైమింగ్ తప్పిపోతుంది. పిన్ను మళ్ళీ బయటికి తిప్పి పెట్టడం మరిచారో, గేరు పళ్ళు గోవిందా.

ఆరు వోల్టులు:
స్టార్టింగ్ సంగతి వేరే. 6 వోల్టుల మోటారు 200 ఆంపియర్లు దాటి లాగుతుంది. 12 వోల్టుల బండికి వాడే సన్న కేబుల్ వేస్తే చల్లగా ఉన్నప్పుడు ఎట్లాగో లాక్కొస్తుంది, వేడెక్కి రాగి నిరోధం పెరిగేసరికి చేతులెత్తేస్తుంది. 50 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగ్ కేబుల్ వేయండి.

ఇంకోటి, రీస్టోర్ చేసిన బళ్ళన్నిటికీ ఉండే రోగం: ఎర్త్ పట్టీ కింద కొత్త పెయింటు. ఇందులో పాజిటివ్ ఛాసిస్‌కి పోతుంది. ఆ బోల్టు చుట్టూ పెయింటు గీకి, మెరిసే ఇనుముకి బిగించి, పైన గ్రీజు పూయండి. గేర్‌బాక్స్ నుంచి ఛాసిస్‌కి ఇంకో పట్టీ వేయండి. తర్వాత ఇగ్నిషన్ ఆపి సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ పాజిటివ్‌కీ ఇంజను బ్లాకుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.3 వోల్టు దాటిందంటే ఎర్త్‌లో నష్టం ఉన్నట్టే.

12కి మారిస్తే కాయిల్, బల్బులు, జనరేటర్ అన్నీ మార్చాలి. సెల్ఫ్ మోటారు దెబ్బకి బెండిక్స్ స్ప్రింగు (సెల్ఫ్ పళ్ళచక్రాన్ని ఇంజనుకి తగిలించే చోటిది) విరగొచ్చు.

పెన్నగట్టు:
వేడి మీద 0.9 వోల్టు వచ్చిందండీ! పట్టీ కింద పెయింటే. గీకాక 0.2. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. కానీ ఒక్కోసారి వేడిగా ఉంటే మంట అందుకోదు. స్పార్క్ పసుపుగా, సన్నగా ఉంది.

ఆరు వోల్టులు:
కండెన్సర్, అంటే పాయింట్లతో కలిసి పనిచేసే చిన్న కెపాసిటర్. డిస్ట్రిబ్యూటర్ దగ్గర వేడి తగిలే చోటే ఉంటుంది, అందుకే అదే ముందు పోతుంది. 0.2 నుంచి 0.25 మైక్రోఫారడ్ ఉన్న కొత్తది వేయండి, స్పేర్ ఒకటి బండిలో ఉంచండి.

ఒంగోలు గిత్త:
నీళ్ళు ఎలా ఉన్నాయి?

పెన్నగట్టు:
మట్టం తగ్గించాక చిమ్మడం ఆగింది. మధ్యాహ్నం మాత్రం ఇంకా మరుగు శబ్దమే. పోస్తున్నది బోరు నీళ్ళు.

సోడా డబ్బా:
బోరు నీళ్ళు ఆపండి, ఆ సున్నమంతా ట్యూబుల్లోనే పేరుకుంటుంది. ఆర్వో నీళ్ళలో తుప్పు నిరోధకం కలిపి పోస్తే చాలు. సగానికి సగం కూలెంట్ ఇక్కడ దండగ. నెల్లూరులో నీళ్ళు గడ్డకట్టేదెప్పుడు? పైగా కూలెంట్ ఎక్కువైతే నీళ్ళకున్నంత వేడి మోసే గుణం ఉండదు.

రీబోరు చేసినంత మాత్రాన బ్లాకులో నీళ్ళు తిరిగే జాకెట్ శుభ్రమైనట్టు కాదు. నాలుగో సిలిండర్ వెనక తుప్పు మట్టి పేరుకుని ఉంటుంది. రేడియేటర్ విడదీసి, పైన బకెట్టు నీళ్ళు పోస్తే కింద అంతే ధార రావాలి. సన్నగా వస్తే మూసుకుపోయినట్టే. దానికి యాసిడ్ తగలనివ్వద్దు, అతుకుల సీసం తినేస్తుంది. బ్లాకు వరకైతే సుమారు 11 లీటర్ల నీళ్ళలో అరకిలో చాకలి సోడా కలిపి, వేడెక్కేదాకా నడిపి, వెచ్చగా ఉన్నప్పుడే వదిలేయండి. తేట నీళ్ళు వచ్చేదాకా కడగండి.

ఇంకా: కొత్త పోత బేరింగులు బిగువుగా ఉంటాయి, మొదటి 800 కిలోమీటర్లు గంటకి 55 దాటొద్దు. హెడ్ నట్లు మళ్ళీ 55 అడుగు-పౌండ్లకి బిగించండి. ఇప్పుడొచ్చే ఈ20 పెట్రోలుకి (20 శాతం ఇథనాల్ కలిసింది) గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది, అదీ వేడికి కారణమే. డ్యాష్ దగ్గరి మిశ్రమం నాబ్ మామూలుగా పావు చుట్టు తెరిచి ఉంటుంది, సగం దాకా తెరిచి చూడండి. పొగ నల్లబడితే వెనక్కి తిప్పండి. ఫ్యాన్ రెక్కల మొదలు దగ్గర పగుళ్ళు వెతకండి. అది విరిగితే నేరుగా రేడియేటర్‌లోకే, ఒక్కోసారి బానెట్ చీల్చుకుని కూడా పోతుంది.

పెన్నగట్టు:
రెక్క మొదట్లో వెంట్రుకంత గీత కనిపిస్తోంది.

సోడా డబ్బా:
ఆ ఫ్యాన్ తీసేసేదాకా సెల్ఫ్ కొట్టొద్దు. వెల్డింగ్ కూడా చేయించొద్దు, కొత్తదే వేయండి.