టమాట కాయకు అడుగున నల్ల మచ్చ, ముచ్చిక చుట్టు పసుపు: నీళ్ల తప్పా, ఎరువు తప్పా?

మిద్దెతోట_నల్లగొండ:
అందరికీ నమస్తే. మిద్దె మీద 10 × 12 అడుగుల చిన్న పాలీహౌస్ ఉంది. పైన పాలిథిన్ షీటు, చుట్టూ 40 మెష్ (అంగుళానికి 40 సందులు) నెట్. 15 లీటర్ల గ్రో బ్యాగులు 14. ఎర్రమట్టి, కోకోపీట్, మాగిన పెంట సమానంగ కలిపినం. డిసెంబరు మొదట్ల నారు పెట్టినం, ఇప్పుడు మార్చి రెండో వారం. మధ్యాహ్నం లోపల 39 డిగ్రీలు చూపిస్తున్నది. బోరు నీళ్లు, టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన ఉప్పుల లెక్క) లీటరుకు 1250 మిల్లీగ్రాములు. రోజుకు ఒక్కసారే, మాపటేల, బ్యాగుకు రెండు లీటర్లు. వారానికి చెంచెడు యూరియా, నెలకోసారి గుడ్డు పెంకుల పొడి.

పొడుగు రకం కాయ నిమ్మకాయంత కాంగనే అడుగున నీరు పట్టినట్టు మచ్చ వస్తున్నది. నాలుగైదు రోజులల్ల నల్లబడి, చెప్పు తోలు లెక్క గట్టిపడి లోపలికి అణుగుతున్నది. గుండు రకం ఎర్రబడ్డా ముచ్చిక చుట్టు పసుపుగనే ఉంటది, కోస్తే అక్కడ తెల్లగ, గట్టిగ ఉంటది. ఎండ తగిలే దిక్కు కొన్నిటికి కాగితం అసొంటి తెల్ల మచ్చ. పూత కూడా రాలుతున్నది. దుకాణంల కాల్షియం స్ప్రే కొట్టమన్నరు. ఇంకొకరు ఫ్లోరైడ్ నీళ్ల వల్లనే అన్నరు. ఏది నిజం?

ఎర్రచెలక:
అడుగున నల్లబడేది తెగులు కాదు, పురుగూ కాదు. దానికి ఏ మందూ కొట్టకండి. బ్లాసమ్ ఎండ్ రాట్ అనేది ఇదే. కాల్షియం మొక్కల నీళ్లతోపాటే నడుస్తది. ఆకులు నీటిని ఆవిరి చేసుకుంట మొత్తం తమ దిక్కే గుంజుకుంటయ్, కాయకు అందేది కొంచెమే. బ్యాగు ఆరిందంటే ఆ కొంచెం కూడా ఆగుతది. నీళ్లు చిట్టచివర చేరే చోటు కాయ అడుగే కాబట్టి అక్కడి కణాలు ముందుగాల చస్తయ్.

39 డిగ్రీలల్ల కాత మీదున్న మొక్కకు సాయంత్రం పోసిన రెండు లీటర్లు మరునాడు మధ్యాహ్నం దాకా ఆగవు. రెండు గంటలకు వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, పొడిగ తగులుతది. అవే నీళ్లు ఇంకో అర లీటరు కలిపి మూడుసార్లకు పంచండి: పొద్దున ఆరింటికి లీటరు, పదకొండింటికి ముప్పావు, నాలుగింటికి ముప్పావు. మీద రెండు అంగుళాల వరిగడ్డి పరవండి.

యూరియా వెంటనే ఆపండి. ఆకు పెంచుతది, పైగా దాని నుంచి వచ్చే అమ్మోనియం వేరు దగ్గర కాల్షియానికి అడ్డం పడతది. గుడ్డు పెంకులు కరిగేసరికి ఈ పంటే అయిపోతది. స్ప్రే సంగతి అంటరా, కాయ తోలు మైనం పూసినట్టుంటది, లోపలికి దిగేది తక్కువ. ఆకు మీద పడ్డది కాయకు మళ్లి రాదు. డబ్బులు దండగ.

మచ్చ వచ్చిన కాయ బాగుపడదు, తెంపేయండి. నీళ్లు సరిచేసినంక పట్టిన పిందెలల్లనే తేడా కనిపిస్తది, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలె. పొడుగు రకాలకే ఇది ఎక్కువ, చెర్రీ టమాటకు అరుదు.

పాలమూరు_పందిరి:
పసుపు వలయం వేడి పని. దాదాపు 32 డిగ్రీలు దాటితే ఎరుపు రంగు తయారు కాదు, పసుపు మాత్రం మిగులుతది. ఎండ సూటిగ పడే ముచ్చిక భాగం గాలికన్నా ఇంకా వేడెక్కుతది. పొటాష్ తక్కువైనా ఇట్లనే వస్తది కానీ అప్పుడు ముదురు ఆకుల అంచులు కూడా మాడుతయ్. తెల్ల మచ్చ ఎండదెబ్బ. గుత్తి మీది ఆకులు కత్తిరించి ఉంటరు, ఇగ ముట్టకండి.

అక్కా, మన దిక్కు మార్చి నుంచి మే దాకా పాలిథిన్ షీటుతోని పనే లేదు. అది వానకోసం. తీసేసి 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. కాయ అడుగున గులాబీ రంగు తిరగంగనే తెంపి నీడలో గంపల పెట్టండి, కొన్ని రోజులల్ల ముచ్చిక దాకా సమంగ పండుతది. ఫ్రిజ్‌ల పెట్టొద్దు, రంగు ఆగుతది.

పూతకు: పగలు 35, రాత్రి 24 దాటితే పుప్పొడి పనిచేయదు. నెట్ కట్టి వేడి తగ్గినంక పొద్దున ఎనిమిది, పది మధ్యల పూగుత్తి కాడకు ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ రెండు సెకండ్లు తాకించండి, ఆ వణుకుకు పుప్పొడి రాలుతది. లోపల గాలి ఆడదు కదా. ఏప్రిల్ దాటితే అది కూడా పనికిరాదు.

బోరు_లెక్క:
పై సలహాలు సరే, కానీ నీళ్లల్ల ఉప్పు సంగతి ఎవ్వరూ ముట్టలేదు. టీడీఎస్ 1250 అంటే ఈసీ (నీళ్లల్ల కరెంటు ఎంత పారుతదో చూసి ఉప్పును లెక్కగట్టే కొలత) సుమారు 1.9. టమాటకు నీళ్ల ఈసీ 1.7 దాటితే దిగుబడి తగ్గుడు మొదలు. కింది రంధ్రాల నుంచి నీళ్లు కారకుంటే ఆ ఉప్పంతా బ్యాగులనే పేరుకుంటది. ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్లు గుంజలేదు, తడి ఉన్నా అడుగు నల్లబడతది. పది రోజులకోసారి బ్యాగుకు పది లీటర్లు మెల్లగ పోసి కిందికి కారనీయండి. నల్లా నీళ్లయితే ఇంకా మంచిది.

అడుగు నల్లబడుడుకు ఫ్లోరైడ్ కారణం కాదు. అయితే కాల్షియం, ఫ్లోరైడ్ రెండూ నీళ్లల్ల ఎక్కువగ కలిసి ఉండలేవు, గట్టిపడి వేరైతయ్. అందుకే మన గ్రానైట్ బోర్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట తరచుగ సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉంటది. సబ్బు నురుగు మంచిగ వస్తున్నదా? నీళ్లు కాచే గిన్నెకు తెల్ల పొర కడుతున్నదా?

మిద్దెతోట_నల్లగొండ:
నురుగు బాగనే వస్తది. గిన్నెకు పొర లేదు. ఇంకోటి, ఒక మొక్కకు కాయల మీద గుండ్రటి వలయాలు ఒకదానిలో ఒకటి, చిగురు కంచు రంగు తిరిగింది. అదీ నీళ్లదేనా?

బోరు_లెక్క:
కాల్షియం ఎక్కువున్న నీళ్లల్ల నురుగు సరిగ రాదు, గిన్నెకు పొర కడతది. మీకు అట్ల లేదంటే మీ నీళ్లల్ల కాల్షియం తక్కువే. బ్యాగుకు 15 గ్రాముల జిప్సం పై మట్టిల కలపండి. తర్వాత కాల్షియం నైట్రేట్ లీటరుకు 2 గ్రాములు, బ్యాగుకు అర లీటరు, పది రోజులకోసారి వేరుకే. మెగ్నీషియం సల్ఫేట్, సల్ఫేట్ పొటాష్, ఫాస్ఫేట్ ఎరువులు అదే బకెట్ల కలపకండి, విరిగి అడుగున మడ్డి కడతది.

వలయాలు వైరస్. పల్లి చేన్లల్ల మొవ్వుకుళ్లు తెచ్చేదే టమాటకు కూడా వస్తది, తామర పురుగులు మోసుకొస్తయ్. అవి 40 మెష్ సందుల నుంచి దూరిపోతయ్. ఆ మొక్కను ఇయ్యాలనే కవరు తొడిగి పీకి, మూతి కట్టి ఎండల పడేయండి. మిగతా మొక్కల చిగురు ఎత్తున నీలం జిగురు అట్టలు రెండు వేలాడదీయండి. ఈ వైరస్ మట్టిల నిలవదు కాబట్టి బ్యాగు పారేయొద్దు, ఉప్పు కడిగి జూన్‌ల మళ్లీ నారు పెట్టుకోవచ్చు.