ఇంట్లో అన్నీ ఆపేసినా మీటరు తిరుగుతూనే ఉంది, జీరో బిల్లు పోయింది

పద్దుల పుస్తకం:
పొద్దున ఆరింటి నుంచి ఇదే పని, ఇక నా వల్ల కావట్లేదు. ఇన్నాళ్లూ 200 యూనిట్లు దాటలేదు, జీరో బిల్లు వచ్చేది. ఈ నెల 218 యూనిట్లట, పన్నెండు వందల పైచిలుకు బిల్లు చేతిలో పెట్టి వెళ్లారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశా, సెట్‌టాప్ బాక్సు పీకేశా, చివరికి బోర్డులో ఎంసీబీ స్విచ్చులన్నీ దించేశా. అయినా మీటరు మీద ఎర్రలైటు టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఏసీ లేదు, గీజరు లేదు. మీటరే పాడైందా?

చల్లగాలి:
అమ్మా, ముందు ఫ్యాన్లు మార్చండి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ అనే కొత్తరకం ఫ్యాను అయితే 30 చాలు. నాలుగు ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి దాదాపు 65 యూనిట్లు మిగులుతాయి. మా ఇంట్లో అన్నీ మార్చేశాం. రెగ్యులేటరు తగ్గించుకుంటే చాలదా అంటారు కొందరు, చాలదు.

పాత వైర్‌మన్:
మోటారు ఏ మీటరు మీద ఉంది?

పద్దుల పుస్తకం:
ఫ్యాన్లు కూడా ఆపేసే చూశానండీ. అన్నీ ఆఫ్. అయినా లైటు వెలుగుతోంది, అదే నా బాధ.

గుంటూరు మిర్చి:
జీరో బిల్లు ఏంటండీ? మాకు అలాంటిది లేదే. 18 యూనిట్లు ఎక్కువైతే ఆ 18కే కదా కట్టాలి?

లెక్కల మాస్టారు:
తెలంగాణ గృహజ్యోతి పథకం అది. 200 లోపైతే సున్నా, దాటితే బిల్లు మొత్తం కట్టాలి. పైగా 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 200కి ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు, 201కి 1,027.70. ఒక్క యూనిట్‌కి రెండొందల తేడా! అందుకే అమ్మా, నెల మధ్యలో ఒకసారి రీడింగ్ చూసి రాసిపెట్టుకోండి.

పాత వైర్‌మన్:
మోటారు?

పద్దుల పుస్తకం:
బోరు మోటారా? అది ఇంట్లోది కాదు కదా, బయట మీటరు పక్కన డబ్బాలో ఉంటుంది స్టార్టరు. ఆటో పెట్టించాం, ట్యాంకు తగ్గితే దానంతటదే వస్తుంది. పైన అద్దెకున్నవాళ్లకీ ఆ నీళ్లే.

పాత వైర్‌మన్:
ఇది ముందే చెప్పాలి. ఎంసీబీ దించితే ఇల్లే ఆగుతుంది, బోరు ఆగదు. మీటరు మీద 3200 ఇంప్ అని ఉందా? లైటు ఎంతసేపటికోసారి వెలుగుతోంది?

పద్దుల పుస్తకం:
ఉంది. ఇంచుమించు సెకనుకోసారి.

పాత వైర్‌మన్:
3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. సెకనుకోసారంటే సుమారు 1.1 కిలోవాట్. ఒక హెచ్‌పీ మోటారే అది. బోరులో మునిగి ఉంటుంది కాబట్టి చప్పుడు వినపడదు. స్టార్టరు ఆపి చూడండి.

చల్లగాలి:
అంటే గంటకి 1.1 యూనిట్ పవర్ అన్నమాట.

లెక్కల మాస్టారు:
యూనిట్ పవర్ కాదండీ. పవర్ అంటే కిలోవాట్, యూనిట్ అంటే వాడకం, ఒక కిలోవాట్ గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఈ రెండూ కలిపేస్తే ఏ లెక్కా తేలదు.

చల్లగాలి:
మాస్టారూ, జనం అనేది అలాగే. బిల్లు తగ్గాలి, అంతే కదా.

లెక్కల మాస్టారు:
తగ్గాలంటే కొలవడం తెలియాలి. 1.1 కిలోవాట్ మోటారు రోజుకి రెండు గంటలు అదనంగా తిరిగితే నెలకి 66 యూనిట్లు. చూడండి, ఆవిడ కష్టమంతా అక్కడే ఉంది.

పద్దుల పుస్తకం:
స్టార్టరు ఆపగానే లైటు ఆగిపోయింది! పైకెళ్లి చూస్తే వాళ్ల బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు నుంచి సన్నటి ధార, రాత్రీ పగలూ కారుతూనే ఉందట. అందుకే ట్యాంకు తగ్గి మోటారు వస్తూనే ఉంది. ప్లంబరు వచ్చి వాషరు మార్చాడు. థాంక్సండీ, పిల్లలు బడి నుంచి వచ్చేశారు.

గుంటూరు మిర్చి:
ఆ ఆటో స్టార్టరు ఎంత పడిందండీ? మాకూ పెట్టించాలని ఉంది.