ఎలక్ట్రానిక్ డ్రమ్స్: స్నేర్ మెల్లగా కొడితే పలకదు, కిక్ తనంతట తనే మోగుతుంది

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట)

అన్నలకు నమస్తే. మాది మెష్ హెడ్ (వల లాంటి పైపొర ఉన్న) ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్, గంగజాతర కచేరీకి రెడీ చేస్తున్నాం. మూడు ఇబ్బందులున్నాయి. స్నేర్‌లో ఘోస్ట్ నోట్స్ (మధ్యమధ్యలో చాలా మెల్లగా కొట్టే దెబ్బలు) వినపడవు, సెన్సిటివిటీ పెంచితే మామూలు దెబ్బకే 127 (వెలాసిటీ, అంటే దెబ్బ బలం అంకెలో అన్నిటికన్నా ఎక్కువ) కొట్టేస్తుంది. టామ్ 1 వాయిస్తే టామ్ 2 కూడా సన్నగా పలుకుతుంది. స్టేజీ మీద బేస్ బాక్సులు ఆన్ చేస్తే పెడల్ తొక్కకుండానే కిక్ మోగుతుంది. థ్రెషోల్డ్ (దెబ్బగా లెక్కేసే కనీస బలం), క్రాస్‌టాక్ (పక్క ప్యాడ్ అదురుకి పలకడాన్ని ఆపేది), మాస్క్ టైమ్ (ఒక దెబ్బ తర్వాత ఇంకో దెబ్బని పట్టించుకోని సమయం), వీటిలో ముందు దేన్ని ముట్టుకోవాలి?

జవాబు 1 (చిత్తూరు)

ముందు మాడ్యూల్ (శబ్దాలు, సెట్టింగులు ఉండే పెట్టె) జోలికి పోవద్దు తమ్ముడూ, ప్యాడ్ విప్పు. మెష్ తీస్తే మధ్యలో ఫోమ్ కోన్ ఉంటుంది, దాని కింద పీజో బిళ్ళ, అంటే దెబ్బని పట్టే సెన్సర్. కోన్ కొన షెల్ అంచు కన్నా 2, 3 మిల్లీమీటర్లు పైకి ఉండాలి. అణిగిపోయి మెష్‌కి తగలకపోతే మెల్లని దెబ్బ పీజో దాకా చేరదు, అప్పుడు సెన్సిటివిటీ ఎంత పెంచినా గట్టి దెబ్బలే ఇంకా పెరుగుతాయి. మన ఎండల్లో కిట్‌ని వ్యాన్‌లోనే వదిలేస్తే పీజో కింద డబుల్ సైడ్ టేపు జిగురు కూడా మెత్తబడి ఊడుతుంది, అదీ చూడు. తర్వాత మెష్ ఎక్కించి బోల్టులు ఎదురెదురుగా, అర చుట్టు చొప్పున బిగించు. ప్రతి బోల్టు దగ్గరా వేలితో నొక్కితే ఒకే బిగువు తగలాలి.

ఇప్పుడు మాడ్యూల్. ట్రిగర్ పేజీలో వెలాసిటీ నంబరు కనపడేలా పెట్టుకో, చెవిని నమ్మొద్దు. థ్రెషోల్డ్ 0కి దించు. కచేరీలో కొట్టే అన్నిటికన్నా గట్టి దెబ్బ కొడుతూ సెన్సిటివిటీ తగ్గించుకుంటూ రా. ఆ ఒక్క దెబ్బకే 127 రావాలి, మామూలు బ్యాక్‌బీట్ (2, 4 లెక్కల మీద పడే స్నేర్ దెబ్బ) 95 నుంచి 110 మధ్య ఆగాలి. అది కుదిరాకే థ్రెషోల్డ్: స్టాండుని తడుతూ, పక్కన నేల మీద కాలితో తన్నుతూ ఒక్కో అంకె పెంచు. దొంగ దెబ్బలు ఆగిన చోట ఇంకొక్క అంకె పెంచి వదిలెయ్.

ఘోస్ట్ నోట్ కొట్టినప్పుడు అసలు నంబరే రాకపోతే తప్పు కోన్‌లోనో థ్రెషోల్డ్‌లోనో ఉంది. నంబరు వచ్చి శబ్దం వినపడకపోతే అది కర్వ్ (దెబ్బ బలాన్ని శబ్దంగా మార్చే తీరు) పని. ఈ రెండూ కలిపేసుకునే చాలామంది సెన్సిటివిటీని పైకి తోసేస్తారు.

జవాబు 2 (తిరుపతి, ప్యాడ్ & డ్రమ్స్)

టామ్‌ల సంగతి. ముందు క్లాంపులు బిగించండి. కేబుళ్ళు ర్యాక్ పైపుకి బిగుతుగా ఆనుకోకుండా కొంచెం వదులుగా కట్టండి. ఆ తర్వాత కూడా పలికితే క్రాస్‌టాక్ క్యాన్సిల్ పెంచాల్సింది టామ్ 2కి, అంటే దొంగతనంగా మోగేదానికి. మీరు కొట్టేది టామ్ 1 కదా అని దానికి పెంచితే లాభం లేదు. పెంచిన ప్రతిసారీ రెండు టామ్‌లనీ ఒకేసారి, ఒకటి గట్టిగా ఇంకొకటి మెల్లగా కొట్టి చూడండి. మెల్లని దెబ్బ మాయమైతే ఎక్కువ పెట్టేసినట్టే, వెనక్కి దించండి.

కిక్‌కి మాత్రం క్రాస్‌టాక్ పనికిరాదు. ఒకేసారి వచ్చిన రెండు ప్యాడ్ల సిగ్నళ్ళను పోల్చి చూడటమే దాని పని. బేస్ బాక్సు అదురు చెక్కల్లోంచి నేరుగా కిక్‌లోకి ఎక్కేటప్పుడు పోల్చడానికి ఇంకో ప్యాడ్ దెబ్బే ఉండదు. అక్కడ థ్రెషోల్డ్ ఒక్కటే దారి. అదీ సౌండ్ చెక్‌లో, బాక్సులు కచేరీ వాల్యూమ్‌లో మోగుతుండగా సెట్ చేయాలి. కిట్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, బాక్సులు ఉన్న చెక్క మీద కిట్ పెట్టనివ్వకండి. దీనికి సౌండ్ వాళ్ళతో గట్టిగా మాట్లాడాల్సి వచ్చినా మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు

కోన్ సరిచేశాక ఘోస్ట్ నోట్స్‌కి 18, 25 అలా నంబర్లు వస్తున్నాయి అన్నా, కానీ శబ్దం లేదు. ఇంకొకటి, కిక్ అప్పుడప్పుడు ఒక్క తొక్కుకి రెండు మోగుతుంది.

జవాబు 1 (చిత్తూరు)

అయితే స్నేర్‌కి కర్వ్ లీనియర్ నుంచి లాగ్‌కి మార్చు, మెల్లని దెబ్బలు పైకి లేస్తాయి. కర్వ్ మారిస్తే గట్టి దెబ్బలూ కదులుతాయి కాబట్టి 127 పరీక్ష మళ్ళీ చెయ్యి.

కిక్ రెండు మోగడం ఎక్కువగా బీటర్‌ని (పెడల్ సుత్తిని) ప్యాడ్‌కి అదిమి పట్టడం వల్లే, అక్కడ అది వణుకుతుంది. మాస్క్ టైమ్ పెంచు, కానీ లెక్క చూసుకుని. నిమిషానికి 200 బీట్ల టెంపోలో పదహారో నోట్ల మధ్య 75 మిల్లీసెకన్లే ఉంటుంది, మాస్క్ అంతకు చేరితే నిజం దెబ్బలే పోతాయి. కిక్‌కి 30, 40 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టు. స్నేర్‌కి మాత్రం చాలా తక్కువ ఉంచు, లేదంటే ఫ్లామ్‌లో (రెండు దెబ్బలు దాదాపు ఒకేసారి పడేదాంట్లో) రెండో దెబ్బ మింగేస్తుంది. రీట్రిగర్ క్యాన్సిల్ (ఒక్క దెబ్బ రెండుసార్లు మోగకుండా ఆపే సెట్టింగు) ఎక్కువైనా రోల్స్‌లో అదే జరుగుతుంది. స్కాన్ టైమ్‌ని (మాడ్యూల్ దెబ్బ బలాన్ని కొలిచే సమయాన్ని) కదిలించకు, పెంచితే శబ్దం ఆలస్యంగా వస్తుంది.

జవాబు 2 (తిరుపతి, ప్యాడ్ & డ్రమ్స్)

అంతా కుదిరాక ప్రతి ట్రిగర్ పేజీనీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఈ అంకెలన్నీ పోతాయి.