జకార్తా కథెడ్రల్–ఇస్తిక్లాల్ సొరంగం: సామరస్యమా, ప్రదర్శనా?

గోదారిగట్టు: జకార్తాలో 1901లో ప్రతిష్ఠించిన క్యాథలిక్ కథెడ్రల్‌కూ (ప్రధాన చర్చికీ), రోడ్డుకు అవతలి ఇస్తిక్లాల్ మసీదుకూ మధ్య ఇండోనేషియా ప్రభుత్వం సుమారు 28 మీటర్ల సొరంగ మార్గం కట్టించింది. 2024 సెప్టెంబరులో పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి వెళ్లి, ప్రధాన ఇమామ్ నసరుద్దీన్ ఉమర్‌తో కలిసి ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశారు. నాలుగడుగులు వేస్తే దాటగలిగే రోడ్డు కింద ప్రభుత్వ ధనంతో సొరంగం తవ్వడం ప్రదర్శన కాక మరేమిటి? అదే దేశంలో కొత్త చర్చి కట్టుకోవాలంటే, 2006 నాటి మంత్రుల ఉమ్మడి ఉత్తర్వు ప్రకారం 90 మంది విశ్వాసుల పేర్లతో పాటు 60 మంది స్థానికుల మద్దతు కూడా చూపించాలి.

కృష్ణాతీరం: గోదారిగట్టు గారూ, సొరంగం సంగతి అలా ఉంచండి; ఆ రెండు కట్టడాల పొరుగుతనం దానికంటే చాలా పాతది. పాత చర్చి 1890లో కూలిపోయాక కట్టిన ఈ కథెడ్రల్‌కు, అల్లిక పనిలా కనిపించే ఇనుప శిఖరాలున్నాయి. మసీదును థమ్రిన్ వీధిలో కడదామని ఉపాధ్యక్షుడు హట్టా అన్నా, అధ్యక్షుడు సుకర్ణో పట్టుబట్టి డచ్చివారి పాత కోట ఉన్న ఈ స్థలాన్నే ఎంచుకున్నారు. మసీదు నమూనాల పోటీలో నెగ్గిన వాస్తుశిల్పి సిలబాన్ ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. క్రిస్మస్ రాత్రి చర్చికి వచ్చేవారి వాహనాలు మసీదు ఆవరణలో నిలుస్తాయి. ఈద్ ఆదివారం నాడు వస్తే కథెడ్రల్ తన ఉదయపు పూజను ఆలస్యంగా పెట్టుకుంటుంది. ఇదంతా కెమెరాల కోసం మొదలైనది కాదు. 2000 క్రిస్మస్ ముందురాత్రి ఈ కథెడ్రల్‌తో సహా పలు చర్చిల వద్ద బాంబులు పేలినప్పుడు, తూర్పు జావాలోని మొజొకెర్తోలో చర్చికి కాపలాగా వచ్చిన ముస్లిం యువకుడు రియాంతో బాంబును బయటికి మోసుకుపోతూ ప్రాణాలు వదిలాడు.

గోదారిగట్టు: ఆ యువకుడికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ పొరుగువారి మంచితనాన్ని ప్రభుత్వం తన ఖాతాలో వేసుకోవడమే నా అభ్యంతరం. జకార్తా దగ్గరి బోగోర్‌లోని యాస్మిన్ చర్చికి (అది ప్రొటెస్టెంటులదే, అయినా నియమం అందరికీ ఒక్కటే) నిర్మాణ అనుమతి విషయంలో సుప్రీంకోర్టు తీర్పు అనుకూలంగా వచ్చినా, నగర పాలకులు వేసిన సీలు తీయలేదు. ఏళ్ల తరువాత వేరేచోట స్థలం చూపించారు. రాజధాని నడిబొడ్డున వందేళ్ల కిందటే కట్టిన చర్చికి అనుమతి కోసం ఎవరి సంతకాలూ అక్కర్లేదు. ఆ 60 మంది షరతును ఎత్తివేయడానికి తవ్వకాలు అవసరం లేదు, ఇద్దరు మంత్రుల సంతకాలు చాలు.